భయపెట్టే ముందు ఎవరినడగాలి?

ఆగస్టు ఆఖరుకల్లా మా పక్కింటాయన గరాజ్‌లో కారుకి చోటుండదు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఒకే ఒక్క పిచ్చి హాలోవీన్. ఆ ‘పిచ్చి’ అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. అక్టోబరు 31 సాయంత్రం మూడు గంటల ఆట కోసం ఆయన రెండు నెలలు కష్టపడతాడు. ఇక్కడ అమెరికాలో ఇలా ఉంటున్న ఇంటినే దయ్యాలకొంపగా మార్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. టికెట్టుండదు, లాభముండదు. పైపెచ్చు వచ్చిన పిల్లలకి మిఠాయిలు ఎదురివ్వాలి.

పక్కన నిలబడి సుత్తి అందించడంతో మొదలై, నాలుగేళ్ళుగా నేనూ అందులో దిగాను. చలికి ఇంటిగోడల్లో పెట్టే నురుగు అట్టల్ని సమాధిరాళ్ళుగా చెక్కడం నేర్చుకున్నాను. ప్లాస్టిక్ అస్థిపంజరానికి పల్చటి కవరు చుట్టి హీట్ గన్ పెడితే అది ముడుచుకుపోయి, ఎముకలకి ఎండిన చర్మంలా అతుక్కుంటుంది. పైన చెక్కలకి పూసే ముదురురంగు ఒక పూత. అన్నిటికన్నా నాకు నచ్చింది కిటికీలో ఎగిరే దయ్యం. నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు, దానికి కట్టిన మూడు దారాలు: తలకొకటి, చేతులకి రెండు. మీద పల్చటి తెల్లగుడ్డ, పక్కన అల్ట్రావయొలెట్ దీపం. అంతే. ఆ గుడ్డ ఊపిరి తీస్తున్నట్టు లేచి పడుతుంటే, కట్టిన నాకే వెన్ను జలదరించింది.

భయపెట్టడం ఇంత సరదాగా ఉంటుందా అనిపించింది. వెంటనే ఒక అనుమానం కూడా వచ్చింది. ఇంకొకరిని భయపెట్టే హక్కు మనకెవరిచ్చారు?

నా చిన్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేసుకున్నట్టు లేదు. అన్నం తినకపోతే బూచాడొస్తాడు, మధ్యాహ్నం పడుకోకపోతే బూచాడొస్తాడు. అది మనతో పని చేయించుకోడానికి పెట్టే భయం. మరోపక్క మన అలంకారశాస్త్రం భయానకాన్ని రసాల్లో ఒకటిగా లెక్కపెట్టింది. భయం రసమెలా అవుతుంది? నాటకంలో రాక్షసుణ్ణి చూసి వణికేవాడు తనంతట తనొచ్చి కూర్చున్నాడు. కావాలంటే లేచి వెళ్ళిపోవచ్చనీ తెలుసు. బూచాడి ముందు పిల్లవాడికి ఆ వీలు లేదు. తేడా భయం మోతాదులో లేదు, వద్దనే వీలులో ఉంది.

ఇది నేను పుస్తకాల్లోంచి నేర్చుకోలేదు. మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు ఆయన గుమ్మం ముందు నా కాలు కరుచుకుని ఏడ్చింది. ఆయన గభాల్న ముసుగు తీసేసి, మెట్టుమీద కూర్చుని, దాని లోపలివైపు చూపించాడు. "మళ్ళీ పెట్టుకోనా?" అనడిగాడు. వద్దంది. సరే అని మామూలు మొహంతోనే చాక్లెట్టిచ్చాడు. మరుసటేడు అదే పిల్ల ఆయన అడగకముందే "పెట్టుకో" అంది.

ఇంతవరకూ లెక్క తేలికే. ఎదురుగా ఉన్నవాళ్ళని అడగొచ్చు. ఎదురుగా లేనివాళ్ళ మాటేమిటి?

రెండేళ్ళ క్రితం ఆయన కొత్త ఆలోచన కోసం వెతుకుతుంటే, నేనే ఇచ్చాను: "పాతకాలపు పిచ్చాసుపత్రి పెడదాం." ఆయనకి తెగ నచ్చింది. తుప్పుపట్టిన బోర్డు నేనే రాశాను. వీపు వెనక్కి కట్టేసే పొడుగుచేతుల చొక్కా కుడుతూ కూర్చున్న రాత్రి మా పిన్ని గుర్తొచ్చింది.

హైదరాబాదులో పెరిగినవాళ్ళకి ఎర్రగడ్డ అంటే పేట పేరు కన్నా ముందు ఒక జోకు. అక్కడ మానసిక వైద్యశాల ఉంది కాబట్టి, ఎవడేం తిక్కగా మాట్లాడినా వాణ్ణి అక్కడికి పంపాలంటాం. మా ఇంట్లో ఆ జోకు ఎవరూ వేసేవారు కాదు. పిన్ని అలాంటి ఒక ఆస్పత్రిలో మూడు నెలలుండి ఇంటికొచ్చింది. సాయంత్రం అరుగుమీద కూర్చుంటే, వీధిలో పిల్లలు దగ్గరదాకా వచ్చి కెవ్వున అరిచి పారిపోయేవాళ్ళు. వాళ్ళకదో ఆట. మొదట్లో ఆవిడా నవ్వేది. కొన్నాళ్ళకి అరుగుమీదికి రావడం మానేసింది. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను.

మర్నాడు ఆయనకిదంతా చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "అది ఆవిడ కాదు, బొమ్మ. అలాగైతే అస్థిపంజరం కూడా ఎవరిదో ఒకరిదే కదా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబిది. అస్థిపంజరం అందరిదీ. దాన్ని చూసి నవ్వేవాడూ రేపు అదే అవుతాడు. కాబట్టి ఆ నవ్వులో తనమీద తను వేసుకునే జోకుంది. పిచ్చాసుపత్రి బొమ్మ అలా చెప్పదు. ‘వాళ్ళు’ వేరు, చూస్తే పారిపో అంటుంది. 2016లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో ఇలాంటి హాలోవీన్ ప్రదర్శనకి 5150 అనే అంకె తగిలించారు. మానసిక రోగిని తన ఇష్టంతో పనిలేకుండా 72 గంటలు ఆస్పత్రిలో ఉంచే చట్టం సెక్షన్ నంబరది. రోగుల తరఫువాళ్ళు అభ్యంతరం చెప్పాక పేరులోంచి ఆ అంకె తీసేశారు, ఆపైన ప్రదర్శనే మూసేశారు.

అస్థిపంజరానికైనా మినహాయింపు అన్నివేళలా లేదు. 1976లో లాంగ్‌బీచ్‌లో ఒక వినోదశాలలో టీవీ షూటింగు జరుగుతుండగా, రంగుపూసి వేలాడదీసిన బొమ్మ చెయ్యి ఊడింది. లోపల ఎముక! అది ఎల్మర్ మెక్‌కర్డీ అనే దొంగ శవమని తేలింది. అతను 1911లో ఓక్లహోమాలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అయినవాళ్ళెవరూ రాకపోతే, శవాన్ని దశాబ్దాలపాటు ఊరూరా చూపించి డబ్బు చేసుకున్నారు. చివరికి 1977లో గుత్రీ పట్టణంలో పాతిపెట్టి, మళ్ళీ ఎవరూ తవ్వకుండా పైన కాంక్రీటు పోశారు. దొంగే కావచ్చు, అతన్నీ ఎవరూ అడగలేదు.

ఈ లెక్కన మా తోటలో చీపురెక్కిన మంత్రగత్తె సంగతి? సేలంలో 1692లో మంత్రగత్తెలన్న నెపంతో మొదలైన విచారణల్లో 19 మందిని ఉరితీశారు. ఆ బొమ్మని తియ్యాలా వద్దా అని మేమిద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. గీత ఎక్కడుందో నాకూ స్పష్టంగా తెలీదు. అది వెతకనక్కర్లేదని మాత్రం ఇప్పుడనలేను.

ఆ రోజు వాదన అయ్యాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పిన్ని పేరేమిటి?" అనడిగాడు. చెప్పాను. పలకడం రాక రెండుసార్లు అడిగి నేర్చుకున్నాడు. బోర్డు విరిచి మూలపడేశాం.

ఈ ఏడు మా అమ్మమ్మ చెప్పిన కొరివిదయ్యాన్ని తయారుచేస్తున్నాం. వెనక పొదల్లో, మనిషి ఎత్తున, మిణుకుమంటూ కదిలే ఒక్క మంట. దగ్గరికెళ్తే ఉండదు. నల్లదారం, కప్పీ, చిన్న బల్బు చాలు. దారం లాగే పని మా అమ్మాయిది. దారి మొదట్లో, భయం వద్దనుకునేవాళ్ళకి ఇంకో తోవ పెట్టాం. చాక్లెట్లు రెండు చోట్లా ఒకటే.