అంగడి ధర్మము

లాభము కొరకు తెరచిన అంగడి లోకోపకారము చేయగలదా? చేసినచో దానిని ధర్మమనవలయునా, వ్యాపారపు నేర్పనవలయునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన ఊళ్లలో సత్రములు కట్టించినవారిలోను, చలిపందిళ్లు వేయించినవారిలోను వర్తకులు పెక్కురు కలరు. కాని అమ్ముడుపోవు సరకు బియ్యమో బట్టయో కాక మత్తుపదార్థమైనప్పుడు ఆ ప్రశ్న పదునెక్కును. నేడు అమెరికాలో గంజాయి అమ్ము కుటుంబముల అంగళ్లును, అవి మాజీ సైనికులకు చేయు సాయమును మన ముందుంచుచున్నది అట్టి ప్రశ్ననే.

ముందుగా విషయమును తెలిసికొందము. అమెరికా కేంద్రప్రభుత్వము 1970 నాటి చట్టముతో గంజాయిని వైద్యమునకు పనికిరాని ద్రవ్యముల మొదటి పట్టికలో చేర్చినది. రాష్ట్రములు క్రమముగా వేరు దారి పట్టినవి. 1996లో కాలిఫోర్నియా ప్రజలు వోటు వేసి రోగులకు దానిని అనుమతించిరి. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రముల ప్రజలు వయోజనులందరికిని అనుమతించిరి. 2014 జనవరి 1వ తేదీన కొలరాడోలో బహిరంగ విక్రయము ప్రారంభమైనది. ఇట్లు అనుమతి పొందిన దుకాణమును అచ్చటివారు డిస్పెన్సరీ అందురు. మన వీధులలోని ధర్మాసుపత్రిని తలపించు ఆ పేరు, మందునకును వినోదమునకును నడుమనున్న ఎల్లను కొంత చెరిపివేయుచున్నది.

వియత్నాం, ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధముల నుండి తిరిగివచ్చిన సైనికులలో అనేకులు మానని నొప్పులతోను, నిద్రపట్టని రాత్రులతోను బాధపడిరి. వారికై ఏర్పడిన ఆసుపత్రులు కేంద్రప్రభుత్వమునకు చెందినవి. గంజాయి వాడినంత మాత్రమున సైనికుని సౌకర్యములు పోవు. వాడుచున్నానని అతడు వైద్యునితో చెప్పుకొనవచ్చును. కాని ఆ వైద్యుడు దాని కొరకు ధ్రువపత్రము వ్రాసి ఇయ్యరాదని 2017 నాటి ఆదేశము శాసించినది. ప్రభుత్వము విడిచిన ఆ సందులోనికి అంగడి ప్రవేశించినది.

కాలిఫోర్నియాలోని సాంతాక్రూజ్‌లో ఇద్దరు మాజీ సైనికులు ఒక సంఘమును స్థాపించి, తాము పండించిన గంజాయిని తోటి మాజీ సైనికులకు నెలనెలా ఉచితముగా పంచుచు వచ్చిరి. 2018లో క్రొత్త వ్యాపార చట్టము అమలులోనికి వచ్చినప్పుడు, ఉచితముగా ఇచ్చిన సరకుపైన కూడ పన్ను కట్టవలసివచ్చినది. అమ్మకమును అనుమతించిన చట్టమే దానమును అడ్డగించినది! 2019లో ఆ రాష్ట్రము మరియొక చట్టము చేసి, రోగులకు ఉచితముగా ఇచ్చు సరకును పన్ను నుండి విడిచినది. అట్టి పంపిణీకి సైనికులు వచ్చుట కేవలము పొట్లము కొరకే అనుకొనరాదు. తన బాధ నెరిగిన నలుగురి నడుమ ఒక పూట కూర్చుండుటయు సైనికునికి మందు వంటిదే. ఆ కూడికలోని మేలు ఎంత, పొట్లములోని మేలు ఎంత యని వేరుచేసి చూచుట అవసరము.

ఏలయన శాస్త్రము ఇంకను తొందరపడుట లేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో వెలువరించిన నివేదిక, పెద్దలలో దీర్ఘకాలపు నొప్పికి గంజాయి ఉపకరించునని చెప్పుటకు గట్టి ఆధారములున్నవన్నది. కాని యుద్ధస్మృతులు కలిగించు మనోవ్యాధి మాట వేరు. 76 మంది మాజీ సైనికులపై జరిగి 2021లో ప్రకటింపబడిన పరీక్షలో, పొగ త్రాగిన గంజాయి ఉత్త పదార్థము కంటె ఎక్కువ గుణమిచ్చినట్లు తేలలేదు. ఆ వ్యాధికి దీనిని వాడవద్దని సైనిక వైద్యశాఖల 2023 నాటి మార్గదర్శకములు సలహా ఇచ్చినవి. కనుక ఉచితముగా ఇచ్చినదెల్ల ఉపకారమని తలచుటకు వీలులేదు.

ఇచ్చటనే కుటుంబపు అంగడికిని పెద్ద కంపెనీ దుకాణమునకును భేదము తెలియవలయును. తరతరములుగా పరభాషా ప్రాంతములలో చిన్న దుకాణములు పెట్టుకొని బ్రతికిన మన కుటుంబములకు ఈ భేదము తెలియనిది కాదు. మన పెద్దలు ఖాతాదారుని ముఖము చూచి ఇంటి పరిస్థితి గ్రహించెడివారు. ఎవరికి అరువు ఇయ్యవలయునో తెలియుట వారి వ్యాపారము. ఎవరికి ఏది అమ్మరాదో తెలియుట వారి ధర్మము. గంజాయి అంగడికిని ఇదియే గీటురాయి. మాజీ సైనికునికి ధర తగ్గించుట, పండుగనాడు విందు చేయుట మంచివే. కాని వానితో అంగడికి పేరును, గిరాకియు వచ్చును. నెలకు రెండుమారులు వచ్చువాడు దినమునకు రెండుమారులు రాసాగినప్పుడు, “అయ్యా, నేడు వద్దు; ముందు వైద్యుని చూడుము” అనగలిగినవాడే పొరుగువాడు. ఆ మాటకు గిరాకి రాదు, నష్టమే వచ్చును. నష్టమునకు సిద్ధపడిన చోటనే వ్యాపారము ధర్మమగునని మా అభిప్రాయము.

మరియొక చిక్కు న్యూయార్కులో ఎదురైనది. అచ్చట 2021 నాటి చట్టము, సేవలో అంగవైకల్యము పొందిన మాజీ సైనికులకును, పాత నిషేధముచే నలిగిన ప్రాంతములవారికిని ప్రాధాన్యము చెప్పినది. తీరా తొలి దుకాణముల అనుమతులలో, గంజాయి కేసులలో శిక్షపడినవారికిని వారి కుటుంబములవారికిని పెద్దపీట వేసిరి. 2023లో నలుగురు మాజీ సైనికులు న్యాయస్థానమునకెక్కగా కొంతకాలము అనుమతులు నిలిచిపోయి, పిమ్మట రాజీ కుదిరినది. దేశము కొరకు గాయపడినవాడు ముందా? దేశపు చట్టముచే గాయపడినవాడు ముందా? ఇద్దరి ఋణమును ఒక అంగడి అనుమతితో తీర్పజూచుటలోనే లోపము కలదని మాకు తోచుచున్నది.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. 1893–94లో మన దేశమున విచారణ జరిపిన గంజాయి కమిషన్, మితముగా వాడినచో హాని స్వల్పమనియు, అతిగా వాడినచో కీడు కలుగుననియు చెప్పి, పూర్తి నిషేధమును వలదన్నది. 1985 నాటి చట్టము గంజాయిని నిషేధించి, భాంగు ఆకును ఆ నిర్వచనము నుండి విడిచినది. మల్కనగిరి, కోరాపుట్ కొండలలో దొంగసాగు గిరిజనుల బ్రతుకులను, యువకుల చదువులను ఎట్లు చెరచుచున్నదో ఒడిశాలోని మన కుటుంబములు ఎరుగును. కనుక అమెరికావారి అంగళ్లను చూచి మురియుటయు, ఏవగించుకొనుటయు రెండును తొందరపాటే.

సైన్యములో పనిచేసి వచ్చినవారు మన సంఘములలోను కలరు. వారి ఋణము అంగడివానిది మాత్రమే కాదు, అందరిది. వారిని పిలిచి శాలువ కప్పుట సులభము. వారు రాత్రులు నిద్రించుచున్నారా యని అడిగి, వైద్యుని కడకు వెంట నడచుట కష్టము. అమెరికాలోని ఒక చిన్న అంగడి ఆ రెండవ పనికి పూనుకొన్నచో, అది అమ్ము సరకును గూర్చి మనకెట్టి అభిప్రాయమున్నను, ఆ పూనికను మాత్రము మనము నేర్చుకొనదగును.