పిసకని పిండికి కర్త ఎవరు?

పిసకకుండా చేసే రొట్టెకు కావలసినవి నాలుగే: గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. మూడు కప్పుల మైదాలో పావు టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒకటింపావు టీస్పూను ఉప్పు వేసి, కప్పున్నరకు కొంచెం పైగా నీళ్లు పోస్తారు. పొడి పిండి ఎక్కడా కనిపించకుండా పోయేదాకా గరిటెతో కలుపుతారు. నిమిషంలో అయిపోయే పని. ముద్ద గరుకుగా, చేతికి అంటుకునేంత జారుగా ఉంటుంది. పూరీకో చపాతీకో పిండి కలిపే అలవాటున్న చేతికి అది చెడిపోయిన ముద్దలాగే తోస్తుంది. దాని మీద మూత పెట్టి 12 నుంచి 18 గంటలు వదిలేస్తారు. ఎండాకాలపు వంటింట్లో ఇంకా తక్కువ సమయమే చాలు, వేడికి పిండి త్వరగా పొంగుతుంది. పైన బుడగలు తేలాక పిండి చల్లిన బల్ల మీదికి దించి, నాలుగు వైపులా మడిచి, మరో రెండు గంటలు ఉంచుతారు. ఈలోగా మందపాటి ఇనుప గిన్నెను 230 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో అరగంట కాలనిచ్చి, ముద్దను అందులోకి జారవిడిచి, మూతతో అరగంట, మూత తీసి మరో పావుగంట నుంచి అరగంట కాలుస్తారు. బయటికి వచ్చేది కరకరలాడే మందపాటి పెచ్చు, లోపల పెద్ద పెద్ద గుల్లలు ఉన్న రొట్టె.

ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు న్యూయార్క్‌లో సల్లివన్ స్ట్రీట్ బేకరీ నడిపే జిమ్ లేహీ. 2006 నవంబర్ 8న న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ దాని గురించి రాశాక అది ఇంటింటి వంట అయింది. ఆలోచన మాత్రం అంతకు ముందుదే. పిండి, నీళ్లు కలిపి కాసేపు ఊరకే ఉంచితే పిసికే పని బాగా తగ్గుతుందని ఫ్రాన్స్ రొట్టె నిపుణుడు రేమండ్ కాల్వెల్ 1974లోనే చూపించాడు. పిసకనక్కరలేదన్న మాటనే పేరుగా పెట్టి సుజాన్ డనవే 1999లో ఒక పుస్తకం తెచ్చింది. చేతులు నొప్పి పుట్టేదాకా పిసికితేనే రొట్టె అవుతుందన్న పాత నమ్మకాన్ని ఒక్క రాత్రి నిద్ర తోసిపుచ్చింది. అక్కడి నుంచే తత్త్వశాస్త్రానికి పాతదే అయిన ప్రశ్న ఒకటి మళ్లీ లేస్తుంది: చేయి చేయని ఆ పనిని చేసింది ఎవరు? చేయకపోయినా అది అయినప్పుడు, చేసిన రోజుల్లో మాత్రం చేయి నిజంగా చేసినదేమిటి?

సమాధానం పిండి లోపలి నిర్మాణంతో మొదలవుతుంది. గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు రకాల ప్రోటీన్లు ఉన్నాయి. తడి తగలగానే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి. పిసకడం ఆ పెనవేతను పది నిమిషాలలో జరిపిస్తుంది. నీళ్లు ఎక్కువగా ఉండి, గంటలు గడిస్తే, ప్రోటీన్ తీగలు వాటంతట అవే కదిలి కలుసుకుంటాయి. ఈస్ట్ వదిలే బొగ్గుపులుసు వాయువు బుడగలు ఉబ్బుతూ వాటిని లోపలి నుంచే సాగదీస్తాయి. బయటి నుంచి అరచేయి చేసే పనిని లోపలి నుంచి బుడగ చేస్తుందన్న మాట. అదే చేయి బియ్యప్పిండిని రోజంతా పిసికినా గ్లూటెన్ పుట్టదు, అందులో ఆ ప్రోటీన్లు లేవు. జొన్నరొట్టె చేసేవాళ్లు మరిగే నీళ్లు పోసి పిండి కలిపేది అందుకే: అక్కడ ముద్దను పట్టి ఉంచేది వేడికి జిగురైన గంజి పదార్థమే. లేనిదాన్ని పుట్టించే శక్తి చేతికి లేదు. ఉన్నదాన్ని తొందరపెట్టగలదు.

సరిగ్గా ఈ మాటనే శంకరాచార్యులు పాల విషయంలో అన్నారు. ఆయన భాష్యం రాసిన బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఒక ఆక్షేపణ వస్తుంది. కుమ్మరికి కుండ చేయాలంటే మట్టి, సారె, కర్ర కావాలి. ఏ సాధనమూ లేని బ్రహ్మం జగత్తుకు కారణం ఎలా అవుతుంది? సూత్రకారుడు పాలను దృష్టాంతంగా చూపుతాడు. పాలు వాటంతట అవే పెరుగు అవుతున్నాయి కదా! అయితే పాలకు కూడా వేడి వంటి బయటి సాయం కావాలి కదా అని ఎదుటి పక్షం పట్టుకుంటుంది. శంకరుల జవాబు సూక్ష్మమైనది. వేడి చేసేది త్వరపెట్టడమే. పెరుగయ్యే స్వభావం పాలలో లేకపోతే ఎంత వేడి తగిలినా అది పెరుగు కాదు. గాలినో ఆకాశాన్నో కాచి పెరుగు చేయడం ఎవరి వల్లా కాదు. సాధనాలు ఉన్న సామర్థ్యాన్ని పూర్తికి తెస్తాయి, లేని సామర్థ్యాన్ని పెట్టలేవు. పాల స్థానంలో గోధుమపిండినీ, వేడి స్థానంలో పిసకడాన్నీ, గాలి స్థానంలో బియ్యప్పిండినీ పెడితే ఆ భాష్యవాక్యాల వాదం ఒక్క మెట్టు కూడా మారదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పాలు వాటంతట అవే పెరుగు కావు. అందులో కంటికి కనబడని జీవులు పనిచేస్తాయి. పాలు పులవడం జీవుల పని అని లూయీ పాశ్చర్ 1857లో ప్రకటించాడు. ఈస్ట్ జీవపదార్థమేనని అంతకు ఇరవై ఏళ్ల ముందే ష్వాన్, కాన్యార్ ద లా తూర్ అనే శాస్త్రజ్ఞులు చెప్పగా, పులవడం కేవల రసాయన చర్య అని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ గట్టిగా వాదించాడు. 1897లో బుక్నర్ ఈస్ట్ కణాలను నలిపి తీసిన రసం కూడా, ఒక్క ప్రాణకణం మిగలకపోయినా, చక్కెరను పులియబెట్టగలదని చూపి రెండు పక్షాల వాదాన్నీ మార్చేశాడు. కాబట్టి పిసకని రొట్టెలో పిండి ఒంటరిగా పనిచేయలేదు. కోట్ల కొద్దీ ఈస్ట్ కణాలు పనిచేశాయి. అంతమాత్రాన ప్రశ్న తీరిపోదు, లోపలికి ఒక మెట్టు జరుగుతుంది. ఈస్ట్‌కు రొట్టె చేయాలన్న ఉద్దేశం లేదు. అది చక్కెర తిని బతుకుతుంది, రొట్టె పొంగడం ఆ బతుకు వెంట వచ్చిన ఫలితం. సంకల్పం ఉన్న మనిషి నిద్రపోతున్నాడు; పని చేస్తున్నదానికి సంకల్పం లేదు. కర్తృత్వాన్ని సంకల్పంతో ముడిపెట్టే ఏ సిద్ధాంతానికైనా ఇది గట్టి పరీక్షే.

తెలుగు భాష ఈ సందర్భాన్ని ఎప్పుడో గమనించింది. పిండి పులుస్తుంది, పప్పు నానుతుంది, వడియాలు ఆరుతాయి, కాయ మాగుతుంది. మనిషి పాత్ర చెప్పవలసి వచ్చినప్పుడు వీటి పక్కన చేరే మాట 'పెట్టు': పులియబెట్టడం, నానబెట్టడం, ఆరబెట్టడం, మాగబెట్టడం. రుబ్బడానికి, దంచడానికి, పిసకడానికి ఆ తోడు అక్కరలేదు, అక్కడ చేయి నేరుగా పనిలో ఉంది. మొదటి వరుసలో మనిషి చేసేది ఒకచోట పెట్టడం. మిగతాది పెట్టిన వస్తువుది, కాలానిది. సాయంత్రం రుబ్బిన ఇడ్లీపిండి గిన్నెను మూలన పెట్టి పడుకునే ఇంట్లో, తెల్లారి "పిండి పొంగింది" అంటారు తప్ప పొంగించామని ఎవరూ అనరు. ఆ వాక్యానికి కర్త పిండే. వ్యాకరణం ఇక్కడ చాలామంది తార్కికుల కంటే జాగ్రత్తగా ఉంది.

సువార్తలలో ఏసు చెప్పిన రెండు ఉపమానాలు కూడా ఈ 'పెట్టడం' మీదే నిలుస్తాయి. మత్తయి 13వ అధ్యాయంలో ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో పులిసిన ముద్దను దాచిపెడుతుంది, అంతా పొంగుతుంది. గ్రీకు మూలంలోని క్రియకు అర్థం దాచడం, పిసకడం కాదు. మార్కు 4వ అధ్యాయంలో రైతు విత్తనం చల్లి, రాత్రి పడుకుని పగలు లేస్తుంటాడు. అది ఎలా మొలుస్తుందో అతనికి తెలియదు, నేల తనంతట తానే పండిస్తుంది. అక్కడ వాడిన గ్రీకు మాట 'ఆటొమటె', యంత్రాలకు నేడు ఆటోమేటిక్ అని వాడే మాటకు మూలం. అయితే ఆ ఉపమానం నిద్రతో ముగియదు. పంట పండగానే రైతు వెంటనే కొడవలి పెడతాడు. వదిలిపెట్టడం ఎంత ముఖ్యమో వేళకు పూనుకోవడం అంతే ముఖ్యమని కథ నడకే చెబుతోంది.

వదిలేసినప్పుడు జరిగిన పని ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్నది యూదుల ధర్మశాస్త్రానికి వేదాంత చర్చ మాత్రమే కాదు, ప్రతి శుక్రవారం సాయంత్రం తేల్చవలసిన సంగతి. విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు నిషేధించిన 39 పనులలో పిండి పిసకడం ఒకటి, కాల్చడం మరొకటి. మరి శుక్రవారం పొద్దుండగా మొదలుపెట్టిన పని రాత్రి దానంతట అది సాగుతుంటే? సిరా, రంగులు నానబెట్టడం వెలుగుండగానే పూర్తి కావాలని ప్రాచీన యూదు గురువు షమ్మాయి శిష్యులు పట్టుబట్టారు. మొదలుపెట్టడం వెలుగులో జరిగితే చాలు, మిగతాది సబ్బాతులో సాగినా తప్పులేదని మరో గురువు హిల్లెల్ శిష్యులు అన్నారు. రెండో మాటే నిలిచింది. మనిషి చేతిని దాటిన పని మనిషి పని కాదన్నది దాని సారం. పిసకడం ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద కూడా యూదుల ధర్మచర్చల సంకలనమైన తల్మూద్‌లో వాదం ఉంది. పిండి మీద నీళ్లు పోయడమే పిసకడం అని రబ్బీ యెహూదా హనాసి. కలిపేదాకా కాదని రబ్బీ యోసే బార్ యెహూదా. లేహీ పద్ధతిలో గరిటెతో కలుపుతారు కాబట్టి, ఇద్దరి లెక్కలోనూ అది పిసికినట్టే! 'పిసకని రొట్టె' అన్న పేరును ఆ శాస్త్రం ఒప్పుకోదు. ఆ పట్టుదలలో న్యాయం ఉంది: నిమిషం పాటు కలపడం చిన్నపనే గాని, అది లేకపోతే 18 గంటల నిరీక్షణ దేని కోసమూ కాదు.

యూదుల పస్కా పండుగ రొట్టె ఈ విషయానికి అద్దంలో తిరగబడిన బొమ్మ. పులియని రొట్టెకు కలిపిన పిండి చేయి ఆడుతున్నంతసేపూ పులిసినట్టు కాదు. ఊరకే వదిలితే, ఒక 'మిల్' (నాటి యూదుల దూరపు కొలత) నడిచేపాటి సమయంలో పులిసినదవుతుంది. తరవాతి శాస్త్రకారులు దాన్ని 18 నిమిషాలుగా లెక్కకట్టారు. లేహీ రొట్టెకు అన్నిటికన్నా మేలైన గడువు 18 గంటలు. ఒకచోట ఆపకుండా పనిచేసే చేయి పిండిని పులవకుండా కాస్తుంది, ఇంకోచోట పక్కకు తొలగిన చేయి పిండిని పొంగనిస్తుంది. రెండు చోట్లా ధర్మం ఒకటే, గడియారం మీద కన్ను ఉండాలి.

రబ్బీ అకీవా కథ మనిషి చేతి పక్షాన నిలుస్తుంది. దేవుడి పనులు గొప్పవా, మనిషి పనులా అని రోమన్ అధికారి తుర్నుస్ రూఫుస్ అడిగితే, అకీవా గోధుమ వెన్నులను, కాల్చిన రొట్టెలను పక్కపక్కన పెట్టి మనిషివే అన్నాడని మిద్రష్ తన్హూమా అనే యూదు వ్యాఖ్యాన గ్రంథం చెబుతుంది. వెన్నును నమిలి ఎవరూ పండుగ చేసుకోరు. అయినా ఆ సమాజమే భోజనానికి ముందు, భూమిలోంచి రొట్టెను తెచ్చేవాడని దేవుణ్ణి స్తుతిస్తుంది. భూమి ఇచ్చేది గోధుమ మాత్రమేనని తెలిసి కూడా. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. కారణాలు ఒకటి కంటే ఎక్కువ అని ఒప్పుకుంటే రెండూ నిలుస్తాయి.

ఆ లెక్క భగవద్గీత 18వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఏ కర్మకైనా కారణాలు ఐదు: అధిష్ఠానం, కర్త, కరణాలు, వేరువేరు చేష్టలు, ఐదవది దైవం. ఈ ఐదూ ఉండగా తానొక్కడే కర్తనని చూసేవాడు సరిగా చూడటం లేదని ఆ వెంటనే చెబుతుంది. పిసకని రొట్టెలో తగ్గింది చేష్ట ఒక్కటే. గిన్నె, పిండి, ఓవెన్ ఉన్నాయి. ఎవరూ ఆజ్ఞాపించకుండా పనిచేసిన ఈస్ట్ ఉంది, రాత్రి ఉంది. కర్త కూడా ఉన్నాడు, ఎందుకంటే ఉప్పు ఎంతో, నీళ్లు ఎంతో, ఎన్ని గంటలో నిర్ణయించింది అతనే. మరో పది గంటలు మరిచిపోతే గ్లూటెన్ వల సడలి ముద్ద చదునుగా కూలిపోతుంది, ఆ తప్పు ఈస్ట్‌ది కాదు. పిసకడమే కర్తృత్వమని నమ్మినవారికి ఈ రొట్టె ఎదురుసాక్ష్యం. చేయి ఆడకపోతే కర్త లేడని వాదించేవారికి కూడా ఎదురుసాక్ష్యమే.

రొట్టె పెచ్చు గురించి, యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నాలో ఒక నియమం ఉంది. శుక్రవారం చీకటి పడే ముందు రొట్టెను పొయ్యిలో పెట్టవచ్చు, వెలుగుండగానే దాని ముఖం మీద పెచ్చు కట్టేటట్టయితే. అడుగున కట్టినా చాలునని రబ్బీ ఎలీయెజెర్. పెచ్చు కట్టిందంటే మనిషి వంతు అయిపోయినట్టు. ఇనుప గిన్నెలోనూ వంతులు అలాగే మారతాయి. మూత ఉన్నంతసేపు ముద్దలోంచి లేచిన ఆవిరే దాని పైభాగాన్ని మెత్తగా ఉంచి, పొంగేందుకు చోటిస్తుంది. మూత తీశాక తడి ఆరి, చక్కెరలూ ప్రోటీన్లూ కలిసి ఎర్రబడి, పెచ్చు గట్టిపడుతుంది. పొయ్యిలోంచి తీసిన తరవాత కూడా లోపలి గంజి పదార్థం గట్టిపడుతూనే ఉంటుంది, చల్లారే పెచ్చు సన్నగా చిటపటలాడుతుంది. రొట్టెను గంటసేపు ముట్టకుండా ఉంచి, ఆ తరవాతే కోయాలి.