పూడ్చిన గుంట అబద్ధమా?



మన ఇళ్ళల్లో పార లేని ఇల్లు ఉండదు. మిరపతోటకి నీళ్ళు మళ్ళించాలన్నా, పత్తిచేలో గట్టు వెయ్యాలన్నా అదే కావాలి. దానికి తుమ్మకర్ర కామ. రెండేళ్ళు ఎండకీ వానకీ బయట పడి ఉంటే ఆ కామ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ముడి ఉన్నచోట పెచ్చు లేస్తుంది, పురుగు తొలిచిన బెజ్జాలు బయటపడతాయి. అవి అరచేతికి ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి. అప్పుడేం చెయ్యాలో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. గుంటలో దుమ్మూ పుచ్చూ గీకి పారేసి, రంపపు పొట్టు ఫెవికాల్‌లో ముద్దగా కలిపి కూరతారు. ఆరాక కుంగుతుంది కాబట్టి కాస్త ఎత్తుగానే పెడతారు. మర్నాడు ఉప్పు కాగితంతో రుద్దితే చెయ్యి సాఫీగా జారుతుంది. రంగు కలిసిందంటే గుంట ఎక్కడుండేదో కంటికి ఆనదు.

నేను అడగదలచుకున్నది అక్కడే ఉంది. ఉన్న గుంటని కనపడకుండా చెయ్యడం అబద్ధం కాదా? అబద్ధమాడనన్నది మన పంచశీలలో నాలుగోది. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అది ఉంది. నోటితో అన్నదే అబద్ధమా, చేత్తో చేసింది కాదా?

తొందరపడి జవాబు చెప్పకండి. అదే కామకి ఇంకో రకం లోపం వస్తుంది. పార తలలోకి కర్ర దూరేచోట, నిలువునా సన్నటి పగులు. దెబ్బ బలమంతా పడేది అక్కడే. పొట్టు ముద్ద ఆ బలాన్ని మొయ్యలేదు. పైకి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, లోపల కర్ర విడిగానే ఉంటుంది. దాన్ని అలా మూసి, పైన రంగు కొట్టి, సంతలో కొత్తదని అమ్మితే? కొనేది కూలికి పోయే మనిషి. నాలుగు రోజులకి కామ విరుగుతుంది, పార పోయి పక్క సాలులో మనిషి కాలి మీద పడుతుంది. గుంట పూడ్చినదీ ఆ చెయ్యే, ఆ ముద్దే. పని మటుకు వేరు.

అంగుత్తర నికాయంలో ఒక రథకారుడి కథ ఉంది. పచేతనుడనే రాజు, ఆరు నెలల్లో యుద్ధం ఉంది, రెండు చక్రాలు చెయ్యమన్నాడు. ఆరు రోజులు మిగిలేసరికి ఒక్క చక్రమే అయింది. రెండోది ఆ ఆరు రోజుల్లో చేసి తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెడితే రాజుకి ఏ తేడా కనపడలేదు. అప్పుడు వడ్రంగి వాటిని దొర్లించి చూపాడు. తొందరలో చేసింది తోసినంత దూరం పోయి, గిరగిర తిరిగి పడిపోయింది. మొదటిది ఇరుసుకి ఎక్కించినట్టు నిలబడింది. పడిపోయినదాని ఆకుల్లో, కుండలో, అంచులో వంకరా లోపమూ ఉన్నాయని అతనే చెప్పాడు. మన చేతల్లో, మాటల్లో, మనసులో ఉండే వంకరకి బుద్ధుడు ఈ కథని పోలిక తెచ్చారు. కథ చివర పూర్వజన్మ ముక్క ఒకటుంది. పోయిన జన్మ కర్మ వల్లే ఈ జన్మ ఇలా ఉందన్న వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు, దాన్ని పక్కన పెడదాం. నాకు నచ్చింది వడ్రంగి నోరు విప్పడం. రాజుకి కనపడలేదు కదా, ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

కనక గుంట పూడ్చినవాణ్ణి నేను అడిగేది ఒకటే: కొనేవాడి ముందు ఆ చోట వేలుపెట్టి, ఇక్కడ పుచ్చు ఉంటే పూడ్చానని చెప్పగలవా? గుంటూరు యార్డుకి పంపే మిరప బస్తాకైనా ఇదే ప్రశ్న. పైన ఎర్రటి కాయ, అడుగున తాలు పోసినవాడు ఆ మాట చెప్పలేడు. రాహులుడికి బుద్ధుడు చెప్పింది కూడా ఈ దారిలోదే. పని చెయ్యబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, అది నీకుగానీ ఎదుటివాడికిగానీ హాని చేస్తుందేమో అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమన్నారు.

అయితే లోపమని పేరు పెట్టింది ఎవరన్నది కూడా చూడాలి. ఖరీదైన గాలం కర్రలకి బెండు పిడులు ఉంటాయి, సీసా బిరడాలకి వాడే బెండే. (చేపలు పట్టొచ్చా అన్నది మొదటి శీలం సంగతి, ఇంకోసారి మాట్లాడుకుందాం.) పోర్చుగల్‌లో ఆ చెట్ల బెరడుని తొమ్మిదేళ్ళకోసారి వలుస్తారు. ఆ బెరడు నిండా గుంటలూ నల్లటి గీతలూ ఉంటాయి. అవి చెట్టు గాలి పీల్చుకునే దారులు. బజారు వాటిని లోపమంటుంది. బెండు పొడి, జిగురు కలిపి పూడుస్తారు, మచ్చ తక్కువున్న పిడికి ఎక్కువ ధర.

ఇప్పుడు మన పిల్లల సంగతికి రండి. చదువుకోడానికి గుంటూరు పోయి గది అడిగితే, ఇంటివాళ్ళ మొదటి మాట "మీరేమిట్లు?" అని. గది పోతుందని పిల్లాడు ఇంకో పేరు చెప్తాడు. తరవాత త్రిశరణం చెప్పుకునేటప్పుడు నాలుగో శీలం దగ్గర గొంతు ఆగుతుంది. ఇది పగులు మూసి పార అమ్మడమేనా?

కాదంటాను. ఆ జవాబు వల్ల ఇంటివాళ్ళ కప్పు కూలదు, ఎవరి కాలూ తెగదు. పుట్టుక లోపం కాదు. పగులు ఉన్నది అడిగిన నోట్లో. కానీ హాని ఎవరికీ లేదని కూడా అనలేను. సంయుత్త నికాయంలో బాడిస పిడి పోలిక ఉంది. ఇవాళ ఎంత అరిగిందో, నిన్న ఎంత అరిగిందో వడ్రంగికి తెలియదు, వేళ్ళ గుర్తులు పడి అరిగిందని మటుకు తెలుస్తుంది. సాధనతో మనసులో మలినాలు అలా అరుగుతాయని బుద్ధుడు చెప్పారు. దాచుకోవడం కూడా మనిషిని అలాగే అరగదీస్తుందని నా అనుమానం. బాబాసాహెబ్ పటం పెట్టె అడుగున, ఫోనులో అమ్మ జై భీమ్ అంటే "ఊఁ" అని పెట్టెయ్యడం, ఇలా రోజూ కొంచెం.

ఆ పిల్లాణ్ణి నిలదీసే హక్కు మనకి లేదు. పెద్దవాళ్ళం చెయ్యాల్సింది వేరే ఉంది. మనలో గుంటూరులో, ఒంగోలులో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. టులెట్ బోర్డు కట్టండి. ఎవరొచ్చినా ఆ మొదటి మాట అడగకండి. గోడకి ఒక మేకు ముందే కొట్టి ఉంచండి, పటం తగిలించుకుంటాడు.