తాళం లేని చోట అస్తేయం

ఇంట్లోనే భజన పాట రికార్డు చేయాలనుకునే వాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: "దేవుడి పాటే కదా, క్రాక్ వెర్షన్ అయితే ఏమైంది?"

పతంజలి చెప్పిన యమాల్లో మూడోది అస్తేయం, అంటే దొంగిలించకపోవడం. కాలం, చోటు, సందర్భం ఏదైనా ఇది మారదన్నాడాయన. దేవుడి పేరు చెప్పినా మినహాయింపు లేదు.

నిజానికి డబ్బు లేకపోయినా దారి ఉంది. గొంతు రికార్డు చేయడానికి ఆడాసిటీ, బీట్‌లూ కీబోర్డ్ ట్రాకులూ కట్టడానికి ఎల్‌ఎంఎంఎస్, రెండూ ఉచితమే.

అసలు పరీక్ష రీపర్‌తో. 60 రోజులు ఫ్రీగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. కానీ 61వ రోజు కూడా అది ఆగిపోదు. కొనమని గుర్తుచేసి, మామూలుగానే తెరుచుకుంటుంది. మరి అప్పుడు?

మా నౌపడలో ఉప్పు మడుల దగ్గర కుప్పలు ఆరుబయటే ఉంటాయి. తాళం లేదు కదా అని ఎవరూ బస్తా నింపుకుపోరు. ఎండలో పండించిన మనిషి మనకి కనిపిస్తాడు. కోడ్ రాసినవాడు కనిపించడు, తేడా అంతే. నేనూ కోడ్ రాసే బతుకుతున్నాను, ఆ చెమట నాకు తెలుసు.

60 డాలర్లు మన కుర్రాళ్లకి తక్కువేం కాదు. ఉంటే కొందాం. లేకపోతే ఉచితంగా ఇచ్చినదాంతోనే పాడదాం. అడ్డుకునేవాళ్లు ఉన్నప్పుడు ఆగడం జాగ్రత్త. ఎవరూ లేనప్పుడు ఆగడమే అస్తేయం.