పిల్లల అడుగు చూచి నడచిన తండ్రి

ధ్యాన భాగము: ఆదికాండము 33:1-17



పరిశుద్ధ గ్రంథములోని తల్లులను గూర్చి మనము తరచుగా ప్రసంగములు వినుచున్నాము. హన్నా ప్రార్థన, మోషే తల్లి చేసిన జమ్ముపెట్టె, బేత్లెహేములో మరియమ్మ, ఇవన్నియు మన ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలిసిన సంగతులే. అయితే క్రొత్తగా తండ్రియైన పురుషుని గూర్చి వాక్యమేమి చెప్పుచున్నది? చేతిలో పసిబిడ్డ, ఎదుట దూరపు పని, వాకిట స్నేహితులు, ఈ మూటి నడుమ అతడెట్లు నడచుకొనవలెను? ఈ నెల మనము ఈ ప్రశ్నను ధ్యానింతము.

యాకోబు ఇరువది యేండ్లు పరాయి దేశములో లాబాను నొద్ద కొలువు చేసినవాడు. పగటి యెండకును రాత్రి చలికిని ఓర్చి, నిద్ర మాని, మందలు కాచితినని అతడే చెప్పుకొనెను. అతని జీతము పదిమారులు మార్చబడెను (ఆది. 31:38-41). పొట్టకూటికై ఊరు విడిచినవాని కష్టము అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. అట్టివాడు భార్యాపిల్లలతో తిరిగి వచ్చుచుండగా అన్నయైన ఏశావు నాలుగువందల మందితో ఎదురు వచ్చెను. కౌగిలింతలును కన్నీళ్లును అయిన తరువాత, కలిసి పోవుదము రమ్మని అన్న పిలిచెను.

ఇక్కడ యాకోబు ఇచ్చిన జవాబును గమనించుడి. ఏశావు వెంట నున్నవారు మగవారు. వారి నడక వడి గలది. యాకోబు వెంట నున్నవారు లేత పిల్లలు. ఉన్న మందలో పాలిచ్చు గొఱ్ఱెలు, ఆవులు. ఒక్క దినము తొందరపెట్టి తోలినను మంద దక్కదని అతడు ఎరుగును. అందుచేత అన్నను ముందు సాగిపొమ్మని వేడుకొని, తాను పిల్లలు నడువగలిగినంత మెల్లగా వెనుక వచ్చెదనని చెప్పెను. ఆ వేకువనే యాకోబు దేవునితో పోరాడి, తొడ గూడు వసలి, కుంటుచు వచ్చుచుండెనని ముందటి అధ్యాయములో చదువుచున్నాము. కుంటుచు నడచువానికి చిన్న పాదముల శ్రమ బాగుగా తెలియును.

శేయీరుకు వచ్చెదనని అన్నతో చెప్పి సుక్కోతుకు పోయినది మెచ్చదగినది కాదు. గ్రంథము భక్తుల లోపములను దాచదు. అయినను ఆ దినమున అతడు పిల్లలను గూర్చి పలికిన మాట సత్యమైనది. పెద్దవారి పరుగుకు పిల్లలను ఈడ్వరాదు. పిల్లల అడుగును బట్టి పెద్దవాడు తన నడకను దిద్దుకొనవలెను.

మన విడపనకల్లు ప్రాంతము నల్లరేగడి సీమ. వాన కురిసిన దినమున బురద కాలిని విడువదు. ఎండినప్పుడు నేల నెఱ్ఱెలు విచ్చును. అనంతపురము సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అదియు వేళకు రాదు. తుంగభద్ర ఎగువ కాలువ మన వైపునే పారుచున్నను, అందులో అన్ని నెలలు నీరుండదు, ఉన్న నీరు అన్ని చేలకు అందదు. కనుక శనగయో మిరపయో చేతికి రాని యేట మన యౌవనస్థులు సంచి భుజమున వేసుకొందురు. ఒకడు బళ్ళారిలో జీన్సు బట్టలు కుట్టుటకు పోవును. ఒకడు బెంగుళూరులో కట్టడపు పనికి పోవును. మరియొకడు లారీ ఎక్కి వారముల తరబడి రోడ్ల మీదనే యుండును.

బళ్ళారి దారి మనకు క్రొత్తది కాదు. లండను మిషనరీ సంఘపు జాన్ హాండ్స్ గారు 1810లో బళ్ళారికి వచ్చి సేవ ఆరంభించిరి; అటు తరువాత ఆ సంఘపు పని గుత్తికిని అనంతపురమునకును వ్యాపించెను. సువార్త వచ్చిన వైపునకే నేడు మన తండ్రులు కూలికి పోవుచున్నారు. ఆ ప్రయాణమును ప్రభువు ఎరుగును.

అట్టి తండ్రి దినచర్యను ఒకసారి తలంచుకొందము. తొలి కాన్పుకు భార్య పుట్టింట నుండును. బిడ్డ పుట్టిన వార్త అతనికి పనిచోట ఫోనులో వచ్చును. మేస్త్రీ నడిగి రెండు దినములు సెలవు తీసికొని, బస్సు పట్టి వచ్చి, బిడ్డను చూచి, మరల పోవును. తరువాత నెలకు ఒకటి రెండు శనివారముల రాత్రి ఇల్లు చేరును. అప్పటికి బిడ్డ నిద్రించుచుండును. తెల్లవారి లేచి, ఆశతో చేతులు చాపగా, ఏడెనిమిది నెలల ఆ బిడ్డ తల్లి భుజమున ముఖము దాచుకొని బిగ్గరగా ఏడ్చును. “మీ నాయనే లేరా, పోరా” అని అవ్వ నవ్వును. ఇంటిల్లిపాది నవ్వుదురు. తండ్రియు నవ్వును గాని అతని మనస్సులో ఒక ముల్లు గ్రుచ్చుకొనును. ఎవరి కొరకు ఎండలో ఇటుకలు మోసితినో ఆ బిడ్డయే నన్నెరుగడాయెనే అనుకొనును. అంతలో వీధి మొగదల స్నేహితులు పిలుతురు. “ఏమప్పా, బిడ్డ పుట్టె గదప్పా, మాకేమీ లేదా?” అందురు. ఇంట తనను ఎరుగని బిడ్డ, బయట తనను ఎరిగిన స్నేహితులు! అతడు చొక్కా తొడుగుకొని బయటకు పోవును. సాయంకాలమునకు చేతి డబ్బులో సగము పోవును. రాత్రి మరల బస్సు. ఇట్లు ఒక యేడు గడచిన యెడల ఆ బిడ్డకు తండ్రి యనగా చిలుకకొయ్యకు తగిలించిన చొక్కా మాత్రమే.

ప్రియులారా, ఈ ముల్లు చిన్నదని మనము త్రోసివేయరాదు. ఎన్నియో కాపురములలో తండ్రికిని బిడ్డకును నడుమ దూరము ఇక్కడనే ఆరంభమగుచున్నది. మొదట వైద్యులు చెప్పు సంగతి విందము. ఆ వయస్సులో బిడ్డ తన వారి ముఖములను గుర్తుపట్ట నేర్చుకొనును. కనుకనే అరుదుగా చూచు ముఖమునకు జడియును. అది బిడ్డ బుద్ధి వికసించుచున్న గురుతేగాని తండ్రిని కాదనుట కాదు. అట్టి వేళ బిడ్డను బలవంతముగా లాగికొనక, తండ్రి కొంత దూరమున నేల మీద కూర్చుండి, మెల్లగా మాటలాడుచు కనిపెట్టవలెను. బిడ్డయే ప్రాకి వచ్చును.

అయితే వైద్యుని మాటకంటె లోతైన ఆదరణ వాక్యములో కలదు. దేవుడు తన్ను తండ్రితో పోల్చుకొనిన చోట్ల చూడుడి. ఒక మనుష్యుడు తన కుమారుని ఎత్తుకొనునట్లు అరణ్య మార్గమంతటను యెహోవా ఇశ్రాయేలును ఎత్తుకొని వచ్చెనని మోషే జ్ఞాపకము చేసెను (ద్వితీ. 1:31). హోషేయ 11వ అధ్యాయములో దేవుడు ఎఫ్రాయిమునకు నడక నేర్పిన తండ్రిగా మాటలాడుచున్నాడు. చేయి పట్టుకొని నడిపించెను, ఎత్తుకొనెను, స్వస్థపరచెను. కాని స్వస్థపరచినవాడు ఎవరో ఆ బిడ్డ ఎరుగకపోయెను. సహోదరుడా, బిడ్డ తన్ను గుర్తింపనప్పుడు తండ్రికి కలుగు నొప్పి దేవుడు ఎరుగని నొప్పి కాదు. ఆయన ప్రియ కుమారుడు తన స్వకీయుల యొద్దకు వచ్చినప్పుడును వారు ఆయనను చేర్చుకొనలేదని యోహాను వ్రాసెను. అందునుబట్టి ఆయన మొగము త్రిప్పుకొని పోయెనా? లేదు. మనము ఆయనను గుర్తుపట్టు వరకు మన మధ్యనే నివసించెను. బిడ్డ ఏడ్చినప్పుడు వీధిలోనికి పోక నేల మీద కూర్చుండి కనిపెట్టు తండ్రి, ఈ పరలోకపు తండ్రి పోలికను తన ఇంటిలో కనుపరచుచున్నాడు.

ఇక ప్రయాణముల సంగతి. పని కొరకు దూరము పోవుట పాపమని మేము చెప్పము. స్వంత ఇంటివారిని సంరక్షింపనివాడు విశ్వాసమును విడిచినట్లే యని అపొస్తలుడు బోధించుచున్నాడు (1 తిమోతి 5:8). యోసేపును చూడుడి. నజరేతు నుండి బేత్లెహేమునకు, బేత్లెహేము నుండి ఐగుప్తునకు, ఐగుప్తు నుండి మరల నజరేతునకు అతని ప్రయాణములు సాగెను. దేవాలయములో అర్పణ దినమున వారు తెచ్చినది బీదల అర్పణయైన పక్షుల జత (లూకా 2:24). దేవదూత హెచ్చరించినప్పుడు అతడు తెల్లవారనిమ్మని ఆగక, రాత్రివేళనే లేచి శిశువును తల్లిని తోడుకొని పోయెను. యోసేపు పలికిన మాట ఒక్కటియు సువార్తలలో వ్రాయబడలేదు. అతడు శిశువు కొరకు లేచి నడచిన నడకలు మాత్రము వ్రాయబడినవి. కనుక, తండ్రీ, నీ ప్రయాణము బిడ్డ కొరకైనదా యని నిన్ను నీవే పరీక్షించుకొనుము. బిడ్డ కొరకైన యెడల సంపాదన బిడ్డ యొద్దకు చేరవలెను. దారిలోని దుకాణమున ఆగరాదు. పని చోటనుండి దినమున కొకసారి ఫోను చేసి ఇంటివారితో ప్రార్థించుము. బిడ్డ నీ స్వరమును విననిమ్ము. స్వరమెరిగిన బిడ్డ ముఖమును త్వరగా ఎరుగును.

స్నేహితులను విడువవలెనా? ప్రభువు చెప్పిన ఒక ఉపమానములో మధ్యరాత్రి స్నేహితుడు తలుపు తట్టును. లోపలివాడు, పిల్లలతో పండుకొని యున్నాను, నన్ను తొందరపెట్టవద్దు అను భావముతో జవాబిచ్చును (లూకా 11:5-8). ప్రభువు దీనిని ప్రార్థనలో పట్టుదలను గూర్చి చెప్పెను. అయినను అందులోని ఇల్లు మనకు తెలిసిన ఇల్లే. తలుపు తట్టినవాడు అడిగినది అతిథికి పెట్టుటకు రొట్టె. అట్టివానికి తుదకు లోపలివాడు లేచి ఇచ్చును. అక్కరతో వచ్చిన స్నేహితుని కొరకు లేవవలసినదే. బాలింత పథ్యమునకు, బిడ్డ మందులకు దాచిన డబ్బును త్రాగుటకు పిలుచువాడు అట్టి స్నేహితుడు కాడు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువునొద్దకు దింపిరి. మోయువారే స్నేహితులు. యౌవనస్థులారా, మీలో ఒకనికి బిడ్డ పుట్టినప్పుడు వానిని బయటకు పిలువకుడి. మీరే ఇంటికి పోయి, ప్రార్థించి, చేతనైనది బిడ్డ చేతిలో పెట్టి రండి. కుమారుడు పుట్టినను కుమార్తె పుట్టినను అదే సంతోషముతో పోవుడి.

సంఘమునకును ఒక మాట. క్రొత్తగా పెండ్లియైనవాడు ఒక సంవత్సరము సేనలో చేరక, ఏ పనిభారమును మోయక, ఇంట నుండవలెనని ధర్మశాస్త్రము విధించెను (ద్వితీ. 24:5). దేవుడు కాపురపు తొలి దినములను అంత విలువగా ఎంచెను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇద్దరు బిడ్డల వరకు 15 దినముల జీతముతో కూడిన పితృత్వ సెలవు నియమించబడినది. కాని ఇటుకలు మోయువానికి, లారీ నడుపువానికి సెలవనగా కూలి లేని దినమే. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లెలో, జాతీయ ఉపాధి హామీ పథకము ఆరంభించబడినది. పల్లెవాడు వలస పోక ఊరిలోనే పని పొందవలెనన్నది దాని ఉద్దేశములలో ఒకటి. ప్రభుత్వము చేయవలసినది కలదు. సంఘము చేయదగినదియు కలదు. బిడ్డ పుట్టిన ఇంటి చేనికి ఒక దినము మనము కలుపు తీయలేమా? పశువులకు మేత వేయలేమా? పది ఇండ్లవారు ఒక్కొక్క దినము పూనుకొన్న యెడల ఆ తండ్రికి పది దినములు బిడ్డ యొద్ద నుండుటకు దొరకును.

తండ్రి చేయదగిన పనులు కొన్ని కలవు. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టింప చూడవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప తేనెయు ఆముదమును నీళ్లును, మన ఎండకాలమందు సహితము, అక్కరలేదు. వైద్యులు వ్రాసి ఇచ్చిన మందు మాత్రము ఇయ్యవచ్చును. పుట్టినప్పుడు వేయు టీకాల తరువాత ఆరు, పది, పదునాలుగు వారములకును, తొమ్మిది నెలలు నిండగానే తట్టుకును టీకాలున్నవి. ఆ దినములను తండ్రి వ్రాసి పెట్టుకొని, వీలైన యెడల తానే ఎత్తుకొని పోవలెను. మిరప చేనికి మందు కొట్టి వచ్చినవాడు స్నానము చేసి, బట్టలు మార్చిన తరువాతనే బిడ్డను తాకవలెను. బిడ్డ యున్న ఇంట బీడీ కాల్చరాదు. రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు ఒక జాము తండ్రి భుజముమీద వేసికొని తిరిగిన యెడల తల్లికి కొంత నిద్ర దొరకును. ఇది ఆడపని యని నవ్వువారికి, దేవుడే ఇశ్రాయేలును ఎత్తుకొనెనని జవాబు చెప్పుడి.

పుట్టబోవు బిడ్డను ఎట్లు పెంచవలెనో నేర్పుమని మానోహ దేవుని వేడుకొనెను (న్యాయా. 13:8). మన తండ్రులును ఆ ప్రార్థననే చేయుదురుగాక. ఏశావు గుంపు ముందు సాగిపోయినను యాకోబునకు నష్టము కలుగలేదు. వెనుక మెల్లగా వచ్చిన ఆ చిన్న పాదములే ఒక జనాంగమాయెను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము నిన్ను ఎరుగని దినములలోనే నీవు మమ్మును ఎత్తుకొంటివి. దూరదేశమున పనిచేయు తండ్రులను కాపాడి క్షేమముగా ఇల్లు చేర్చుము. వారి కష్టార్జితము వారి బిడ్డలకు చేరునట్లు చేయుము. మంచి స్నేహితులను వారికి దయచేయుము. పసిబిడ్డల అడుగు చూచి నడచు ఓర్పు మాకు నేర్పుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.