నొప్పి ఎవరిది, కథ ఎవరిది?

శరీరాన్ని ఎవరూ తాకకుండానే ఒక స్త్రీ మీద దాడి జరగడం సాధ్యమేనా? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1993లో అమెరికాలో లాంబ్డామూ అనే ఇంటర్నెట్ లోకంలో, కేవలం అక్షరాలతో నడిచే ఆ చోట, ఒకడు ఇతర సభ్యుల పాత్రలను తన అదుపులోకి తెచ్చుకుని వాటి మీద లైంగిక హింస జరుగుతున్నట్టు రాశాడు. దాని గురించి జూలియన్ డిబెల్ అదే ఏడాది 'విలేజ్ వాయిస్' పత్రికలో రాసిన వ్యాసం పెద్ద చర్చ లేపింది. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, 2021 చివర్లో, మెటా కంపెనీ వర్చువల్ వేదికల్లో తమ అవతార్‌లను ఇతరుల అవతార్‌లు తడిమాయని స్త్రీలు బయటపెట్టారు. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అవతార్‌ల మధ్య సుమారు నాలుగడుగుల ఎడం ఉండేలా ఏర్పాటు చేసింది. "ఆటే కదా, హెడ్‌సెట్ తీసేస్తే పోయేది" అనే మాట ఇలాంటప్పుడు తప్పకుండా వినిపిస్తుంది. మనకు బాగా అలవాటైన మాటే అది. బస్సులో చెయ్యి వేసినవాణ్ణి వదిలేసి "నువ్వు పక్కకి జరగొచ్చు కదా" అన్నట్టే.

ఆ హెడ్‌సెట్ తీసే వీలే లేకపోతే? ఈ ఊహ మీద జపాన్ రచయిత రెకి కవహారా కట్టిన కథ 'సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్'. మొదట ఇంటర్నెట్‌లో వచ్చి, 2009 నుంచి నవలలుగా, 2012 నుంచి యానిమేగా ప్రపంచమంతా తిరిగింది. మన ఇళ్ళలోని పిల్లలు కూడా చూస్తున్నారు. కథలో 2022 నవంబరులో పదివేల మంది నెర్వ్‌గేర్ అనే హెల్మెట్ పెట్టుకుని ఒక ఆటలోకి వెళతారు. దాన్ని తయారుచేసిన కయాబా అకిహికో బయటికి వచ్చే దారి మూసేస్తాడు. వంద అంతస్తుల కోటను గెలిస్తేనే విడుదల. ఆటలో చస్తే హెల్మెట్ మెదడును కాల్చేస్తుంది. రెండేళ్ళలో దాదాపు నాలుగు వేల మంది అలా చనిపోతారు.

ఈ కథకున్న అసలు బలం ఒక నైతికమైన పట్టుదల. అనుభవించే మనిషి నిజమైతే అనుభవమూ నిజమే అంటుంది. కిరిటో, అసునా అనే ఇద్దరు ఆటలోనే ప్రేమించుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు, అడవిలో చిన్న ఇల్లు కొనుక్కుంటారు. కథ ఎక్కడా దాన్ని బొమ్మల పెళ్ళిగా వెక్కిరించదు. అసునా కూడా అలంకారానికి పెట్టిన నాయిక కాదు. ముందు వరుసలో పోరాడే దళానికి ఉపనాయకురాలు. ఆమె కత్తివేగానికి 'మెరుపు' అనే అర్థం వచ్చే బిరుదుంది.

సమ్మతి గురించి కూడా కథకు చాలా తెలుసు. ఊళ్ళ లోపల ఒకరినొకరు గాయపరచుకోకూడదని ఆట నియమం. ఇద్దరూ ఒప్పుకుంటేనే ద్వంద్వ యుద్ధం. అయితే హంతకులు ఒక ఉపాయం కనిపెడతారు. నిద్రపోతున్న మనిషి వేలు పట్టుకుని, దానితోనే 'సరే' అన్న మీట నొక్కించి, ఆ తర్వాత చంపుతారు. యంత్రానికి వేలు కనిపిస్తుంది, మనిషి కనిపించదు. మాటలు రాని వయసులో పెళ్ళి పీటల మీద కూర్చోబెట్టిన ఆడపిల్లల చరిత్ర ఉన్న మనకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంత తెలిసిన కథ రెండో భాగానికి వచ్చేసరికి ఏం చేసింది?

ఆట ముగిసినా సుమారు 300 మంది మేలుకోరు. వాళ్ళలో అసునా ఒకతె. ఆమె తండ్రి కంపెనీలో పనిచేసే సుగౌ నొబుయుకి వాళ్ళ మనసులను మరో ఆటలో బంధించి, భావోద్వేగాలను మార్చే ప్రయోగాలు చేస్తుంటాడు. ఆసుపత్రి మంచం మీద స్పృహలేని అసునాతో పెళ్ళి తతంగానికి ఇంటివాళ్ళ అనుమతి తెచ్చుకుంటాడు. ఆటలో ఆమెను పెద్ద చెట్టు మీద బంగారు పంజరంలో ఉంచుతాడు. ఆమె చేత తనను ప్రేమింపజేయగలనని బెదిరిస్తాడు. నిద్రపోతున్న వేలితో మీట నొక్కించడానికీ దీనికీ తేడా ఏముంది? పోలిక కథలోనే ఉంది. కానీ కథ దాన్ని పట్టించుకోదు.

అసునా చేతులు ముడుచుకుని కూర్చోదు. అద్దంలో చూసి తలుపు సంకేతాన్ని గుర్తుపెట్టుకుంటుంది, పంజరం దాటుతుంది, తాళంలాంటి కార్డును కిందికి జారవిడుస్తుంది. అయినా ఆమెను మళ్ళీ పట్టిస్తారు. చివరికి గొలుసులతో వేలాడదీసి, కిరిటో కళ్ళ ముందే సుగౌ ఆమె మీద లైంగిక దాడికి దిగుతాడు. ఆ సన్నివేశంలో కెమెరా ఎవరి వైపుందో చూడండి. చిరిగిన బట్టల మీద, కన్నీళ్ళ మీద, ఆ తర్వాత నేలకు కరుచుకుపోయిన కిరిటో ఆక్రోశం మీద. ఆమె లోపల ఏం జరుగుతోందన్న దాని మీద మాత్రం లేదు.

ఆ తర్వాతిది నన్ను ఇంకా ఆలోచింపజేసింది. ఆటలో నొప్పిని తగ్గించే ఏర్పాటు ఒకటుంటుంది. అధికారం చేతికి రాగానే కిరిటో దాన్ని పూర్తిగా సున్నాకు తెచ్చి సుగౌను నరుకుతాడు. ఆ తర్వాత నిజ జీవితంలో ఆసుపత్రి బయట ఎదురైనప్పుడు కూడా సుగౌను ఆ నొప్పి వదలదు. అంటే ఆటలో తగిలిన దెబ్బ శరీరంలోకి వస్తుందని కథకు స్పష్టంగా తెలుసు. మగవాడి కంటికి తగిలిన దెబ్బ వచ్చింది. మరి అసునాకు జరిగింది? ఆమె మేలుకుంటుంది, నవ్వుతుంది, ప్రేమికుణ్ణి పలకరిస్తుంది. ఆ భాగం ముగిసేలోగా తనకేం జరిగిందో తన మాటల్లో చెప్పుకునే చోటు ఆమెకు దొరకదు. అన్యాయం ఆమెకు జరిగింది, పగ అతను తీర్చుకున్నాడు, లెక్క సరిపోయింది. లంకలో ఉన్న సీత కథను రాముడి పరువు కథగా వింటూ పెరిగిన మనకు ఈ లెక్క తెలుసు. ఓల్గా 'విముక్త' లాంటి కథలు రాయవలసి వచ్చింది కూడా ఈ లెక్కను మార్చడానికే.

"సుగౌని దుర్మార్గుడిగానే చూపించారు కదా, శిక్ష కూడా వేశారు" అని ఈ కథ ఇష్టపడే కుర్రవాళ్ళు అంటారు. నిజమే. కానీ దుర్మార్గాన్ని ఖండించడం వేరు, బాధితురాలి వైపు నిలబడటం వేరు. నేరస్తుణ్ణి ఉరితీయమని అరిచే గుంపులో ఆమె మాట వినడానికి ఎంతమంది ఆగుతారు?

ఇదేదో ఒక్కసారి జరిగిన పొరపాటు కూడా కాదు. 2018లో మొదలైన 'అలిసిజేషన్' భాగంలో చట్టాన్ని అతిక్రమించలేని మనుషుల లోకం ఒకటుంది. అక్కడ ఇద్దరు కులీన యువకులు, తమకు చట్టమిచ్చిన శిక్షాధికారం పేరుతోనే, ఇద్దరు అమ్మాయిలను కట్టేసి బలాత్కారానికి సిద్ధపడతారు. దాడి చట్టబద్ధం, అడ్డుకోవడం నేరం! వైవాహిక బలాత్కారాన్ని చట్టాలు నేరంగా చూడని దేశంలో ఉన్న మనం ఉలిక్కిపడాల్సిన ఆలోచన ఇది. అయినా అక్కడ కూడా ఆ అమ్మాయిల భయం, యూజియో అనే యువకుడు చట్టాన్ని ఎదిరించడం నేర్చుకునే పాఠానికి ముడిసరుకైంది.

అయితే ఈ రచయితకు చేతకాదని అనలేం. ఏడో నవల 'మదర్స్ రొజారియో' చదవండి, లేదా 2014 యానిమేలో చివరి భాగాలు చూడండి. కొన్నో యూకి అనే పదిహేనేళ్ళ పిల్ల, పుట్టుకప్పుడు ఎక్కించిన రక్తం వల్ల హెచ్ఐవి సోకి, మూడేళ్ళుగా వైద్య యంత్రంలో ఉంటూ ఆటల్లోనే బతుకుతుంటుంది. అక్కడ ఆమెను మించిన కత్తి లేదు. అసునా ఆమెకు స్నేహితురాలవుతుంది, భుజం మీద చిన్న కెమెరా పెట్టుకుని ఆమెను తనతో బడికి తీసుకెళుతుంది. ఆ ధైర్యంతోనే తన చదువునూ పెళ్ళినీ నిర్ణయించే తల్లి క్యోకోను ఆటలోని అడవి ఇంటికి పిలుస్తుంది. కిటికీలోంచి మంచు కప్పిన చెట్లను చూసి, ప్రొఫెసర్ అయిన ఆ తల్లికి తాను సిగ్గుపడి దాచుకున్న పుట్టింటి పల్లె గుర్తొస్తుంది, కన్నీళ్ళు ఆగవు. కిరిటో ఇక్కడ దాదాపు పక్కనే ఉండిపోతాడు. ఎవరూ ఎవరినీ రక్షించరు. ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి బాధను ఒకరు వింటారు.

కాబట్టి లోపం ఊహది కాదు, చూపుది. వర్చువల్ లోకంలో కలిగే అనుభవం నిజమేనని నమ్మిన కథ, ఆ నమ్మకాన్ని ప్రేమకూ చావుకూ మగవాడి నొప్పికీ వర్తింపజేసింది. హింసకు గురైన స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకాన్ని సగంలో వదిలేసింది. పిల్లలను ఈ కథ చూడొద్దనడం వల్ల ఉపయోగం లేదు. వాళ్ళతో కూర్చుని చూద్దాం. పంజరం దృశ్యం రాగానే ఒక్క మాట అడుగుదాం: ఇక్కడ అసునాకు ఏమనిపిస్తోంది? కథ చెప్పలేదు కనుక పిల్లలు తామే ఆలోచించి చెప్పాలి. మగపిల్లలు ముఖ్యంగా.