ఉత్త చేతులు

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దాటాక గిఫ్టు షాపు ముందు ఆగిపోయాను. విమానం ఎక్కడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. సదస్సులో నాకు ఆతిథ్యమిచ్చే ప్రొఫెసరమ్మకి ఇవ్వడానికి సంచిలో ఏమీ లేదు.

పదిహేను రోజుల ముందే కరీంనగర్‌లో అమ్మ అడిగింది: "ఉత్త చేతులతోని పోతవా బిడ్డా? వెండి తీగ పనిది ఏదన్న తీస్కపో. చేసేటాయన మనకెరుకే." పేపరు పూర్తికాలేదు, టైం లేదన్నాను. ఎవరింటికి ఏం పట్టుకెళ్ళాలనే లెక్కలు ఆడవాళ్ళ నెత్తినే ఎందుకని లోపల చిరాకు కూడా. (నాతో వచ్చిన మగ సహోద్యోగి నింపాదిగా కాఫీ తాగుతున్నాడు. అతని కానుకను భార్య సర్దిపెట్టిందని తర్వాత తెలిసింది.)

అరలో ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి ఏనుగు, పక్కన నిర్మల్ చిలుక. చిలుకను తీసుకున్నాను. తేలికైన పొనికి చెక్కను ముక్కలుగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన లప్పంతో అతికి, ఆరాక రంగులేస్తారు. ఇదంతా నేను చదివి తెలుసుకున్నదే. పొరుగునే ఉన్నా బొమ్మల కోసం నిర్మల్ ఎన్నడూ పోలేదు. చేసినవాళ్ళకు ఎంతో కొంత చేరుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఎంతని షాపులో అడిగానా? అదీ లేదు.

"మా ప్రాంతానిది" అని గర్వంగా ఇచ్చాను. ఆవిడ చిలుకను తిప్పి చూసి, "ఎవరు చేశారు?" అంది.

"స్థానిక కళాకారులు."

నా విద్యార్థులు స్త్రీల పాటల మీద రాసే పత్రాల్లో 'అజ్ఞాత' అని వదిలేస్తే ఎర్ర సిరాతో గీత గీస్తాను. ఆమెకు పేరు లేదా, నువ్వు అడగలేదా అని. అదే పని నేనూ చేశాను. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్ బొమ్మలకూ, కరీంనగర్ ఫిలిగ్రీకీ అంతకుముందే ఉంది. నకిలీల నుంచి ఊరి పేరుకు ఆ రక్షణ కావలసిందే. కానీ నాలాంటివాళ్ళు ఆ ఊరి పేరు చెప్పి మనిషి పేరు ఎగ్గొట్టడం కూడా సులువే.

కానుకల చాకిరీ ఆడవాళ్ళకే అంటగట్టడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. అయితే ఆ చాకిరీని వదిలించుకునే తొందరలో, దానితోపాటు అమ్మ దగ్గరున్న ఎరుకను కూడా పారేశాను. ఆ వెండి పనివాడి ఇల్లు ఏ గల్లీలో ఉందో అమ్మకు తెలుసు.

తిరిగొచ్చాక అమ్మ అడిగింది, ఏం తీస్కపోయినవని. చెప్పాను.

"నిర్మల్ చిలుకనా? మంచిగనే ఉంటది. ఎవల దగ్గర కొన్నవ్?"